చవక విమానం, 4వ పాఠం: గోవాకు రెండు ముక్కల టికెట్

విజయవాడ నుంచి ఒక కుటుంబం గోవాకు చవకగా వెళ్ళే దారి వెతకమని పోయిన పాఠం చివర లెక్క ఇచ్చాను. ఎక్కువమంది పంపిన జవాబు ఒకటే. గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, హైదరాబాద్ నుంచి గోవాకు వేరే కంపెనీలో ఇంకో టికెట్, మధ్యలో గంటా పది నిమిషాలు. ధర తక్కువే, కాదనను. కానీ ఆ టికెట్లతో బయల్దేరిన కుటుంబం శంషాబాద్ దాటదు. ఈ పాఠంలో బ్యాంకు కార్డుల ఆఫర్లు చెప్పాల్సి ఉంది. వాటిని పక్కనపెట్టి ముందు దీని సంగతి తేల్చుకుందాం.

గంటా పది అంటే 70 నిమిషాలు. దేశంలో తిరిగే విమానాలకు పెట్టెలు తీసుకునే కౌంటరును సాధారణంగా 60 నిమిషాల ముందే మూసేస్తారు. మీ చేతిలో మిగిలింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే విమానం తలుపు తియ్యాలి, బెల్టు మీదికి పెట్టెలు రావాలి, కింది అంతస్తులోంచి బయటపడి పైన డిపార్చర్స్‌కు ఎక్కాలి, గేటు దగ్గర మళ్ళీ ఐడీ చూపించాలి, కౌంటరు క్యూలో నిలబడాలి. మొదటి విమానం టైముకు దిగినా కుదరని పని ఇది. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే గన్నవరంలో పొగమంచు పట్టిందంటే అసలు లెక్కే వద్దు.

రెండు పీఎన్ఆర్‌లు, అంటే రెండు వేర్వేరు బుకింగ్ నంబర్లు ఉన్నప్పుడు మీ మొదటి విమానం ఎందుకు లేటయిందో రెండో కంపెనీకి అనవసరం. మీరు రాలేదు, నో-షో రాసేస్తారు. టికెట్ డబ్బు పోతుంది. అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు మాత్రం నో-షో అయినా వెనక్కి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. తప్పకుండా అడగండి.

అదే ఒక్క పీఎన్ఆర్ అయితే గన్నవరంలో వేసిన పెట్టె గోవాలో చేతికొస్తుంది. మొదటిది లేటయి రెండోది తప్పిపోతే, మిమ్మల్ని తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత కంపెనీది. అప్పుడు గంటా పది చాలు. కాబట్టి డబ్బు కట్టేముందు ఒకటి చూడండి. ఒకే వరసలో రెండు కంపెనీల పేర్లు కనిపించినా, చిన్న అక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ (మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్ళీ ఇచ్చుకునే పని మీదే) అని ఉన్నా అవి రెండు టికెట్లే అనుకోండి. సైటు డబ్బు ఒకేసారి తీసుకున్నంత మాత్రాన టికెట్ ఒకటి అయిపోదు. ఎక్కువమంది బోల్తాపడింది సరిగ్గా ఇక్కడే.

రెండు టికెట్లే కొనాలనుకుంటే, పెట్టెలున్నప్పుడు మధ్యలో 4 గంటలు ఉంచుకోండి. తలా 7 కిలోల చేతిసంచితో, ముందే వెబ్ చెకిన్ చేసుకుని వెళ్తే 3 గంటలు.

నలుగురు వెళ్తున్నప్పుడు నేనైతే మొదటి ముక్కకు విమానమే వద్దంటాను. రాత్రి విజయవాడ నెహ్రూ బస్టాండులో బస్సెక్కితే తెల్లారేసరికి ఎల్బీనగర్, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సు. ఎల్బీనగర్‌లో ఐదింటికి దిగేట్టయితే పది దాటాక ఉన్న విమానమే తీసుకోండి. గుంటూరు వాళ్ళు గన్నవరం దాకా రావడం డబ్బూ టైమూ దండగ. పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా వెళ్ళే హైదరాబాద్ బస్సే మీకు దగ్గర. సంక్రాంతి అయ్యాక తిరుగు రద్దీ రోజుల్లో మాత్రం ఈ పద్ధతి వద్దు. విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటలు గంటలు పోతాయి.

తిరుగు ప్రయాణంలో ఇంత భయం అక్కర్లేదు. గోవా నుంచి హైదరాబాద్ దిగాక విజయవాడకు రాత్రంతా బస్సులున్నాయి. ఒకటి తప్పితే ఇంకోటి. అందుకే చవక ముక్కల టికెట్ వచ్చేటప్పుడు వాడుకోండి, వెళ్ళేటప్పుడు ఒక్క పీఎన్ఆర్ లేదా బస్సు.

ఇంకో సంగతి. నలుగురికీ ఒకేసారి వెతకొద్దు. ప్రతి విమానంలో సీట్లను ధరల వరసలుగా (కూర్చునే వరసలు కావు) విడదీసి అమ్ముతారు. తక్కువ ధర వరసలో రెండే సీట్లు మిగిలాయనుకోండి, నలుగురిని అడిగితే నలుగురికీ పై వరస ధర పడుతుంది. ఉదాహరణకు ఒక్కరికి వెతికితే 3,900, నలుగురికి వెతికితే తలా 4,700 చూపిస్తోందనుకుందాం. మొత్తం 18,800. ఇద్దరికి వెతికి చూస్తే తలా 3,900 వస్తోంది, ముగ్గురికి మారిపోతోంది. అప్పుడు ఇద్దరిద్దరుగా రెండు బుకింగులు చేస్తే 7,800, 9,400 కలిపి 17,200. 1,600 మిగులుతాయి. కన్వీనియన్స్ ఫీజు సాధారణంగా తలకింత అని వేస్తారు కనుక అక్కడ నష్టం లేదు. పిల్లలుంటే ప్రతి బుకింగులోనూ పెద్దవాళ్ళు ఒకరైనా ఉండేట్టు విడదీయండి.

గోవాలో విమానాశ్రయాలు రెండని తెలిసిందే. డాబోలిం పాతది, మోపా 2023 జనవరిలో మొదలైంది. మీ బస ఆరంబోల్ వైపైతే మోపా, కొల్వా, పాలోలెం వైపైతే డాబోలిం. మోపాలో దిగి పాలోలెం పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్ల టాక్సీ. టికెట్‌లో మిగిలింది అక్కడే అయిపోతుంది.

ఈసారి అభ్యాసం పెద్దదే. ఆరు వారాల తర్వాతి ఒక మంగళవారం, నలుగురు, బస పాలోలెంలో. మూడు దారులకు లెక్క వెయ్యండి: ఒక్క పీఎన్ఆర్‌తో గన్నవరం నుంచి డాబోలిం; బస్సులో హైదరాబాద్ వెళ్ళి అక్కణ్ణుంచి విమానంలో మోపా; విజయవాడ, గుంటూరుల మీదుగా గోవాలోని వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ. ఈ రైలు రోజూ ఉండదు. మంగళవారం లేకపోతే దగ్గరి రోజు తీసుకోండి. ప్రతి దారికీ మీ ఇంటి గేటు దగ్గర ఆటో ఎక్కినప్పటి నుంచి పాలోలెంలో దిగేదాకా అయ్యే ఖర్చు, పట్టే గంటలు రెండూ రాయాలి. పెట్టెల బరువు, దారిలో భోజనాలు, గోవా టాక్సీ అన్నీ కలపండి. ధర చూసిన తేదీ, టైము పక్కనే వేసి, రెండు రోజులాగి అవే మళ్ళీ చూసి రెండో గడిలో రాసి పంపండి.