ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మితే ఎవరిది చెల్లుతుంది? ఏం చేయాలి?

ప్లాటు కొన్నారు, రిజిస్ట్రేషన్ అయింది. కొన్నాళ్ళకు ఇంకొకరు కాగితాలు పట్టుకొచ్చి "ఇది నాది" అంటున్నారు. ఇద్దరికీ అమ్మింది ఒకడే. అప్పుడు వరుసగా చేయాల్సినవి ఇవి.

1. ముందు రెండు దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. అవతలివాళ్ళు చూపించిన జిరాక్స్‌ని నమ్మొద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లై చేస్తే నకలు ఇస్తారు. అలాగే కొత్తగా ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయించండి. సర్వే నంబరు, ప్లాట్ నంబరుతో పాటు అమ్మినవాడి పేరుతో కూడా వెతికించండి. నంబరో హద్దులో కాస్త మార్చి రెండోసారి అమ్మితే, ఒక్క నంబరుతో వెతికినప్పుడు అది దొరకదు.

2. ఇప్పుడు తేదీలు చూడండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ముందు రిజిస్టర్ అయినదే గెలుస్తుందనుకుంటారు. రిజిస్ట్రేషన్ చట్టం (1908) సెక్షన్ 47 ప్రకారం, రిజిస్టరైన దస్తావేజు అమలయ్యేది రాసి సంతకాలు చేసిన తేదీ నుంచి. ఉదాహరణకు మీకు జనవరి 10న రాసిచ్చి మార్చిలో రిజిస్టర్ చేశారు. మధ్యలో ఫిబ్రవరి 1న ఇంకొకరికి రాసి, అదే రోజు రిజిస్టర్ చేశారు. మామూలుగా మీదే ముందు. రాసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలన్న గడువు దాటకూడదు, అంతే. ఆస్తి బదిలీ చట్టం (1882) సెక్షన్ 48 కూడా ముందు పుట్టిన హక్కుకే పెద్దపీట వేస్తుంది. రెండో కొనుగోలుదారు ఎంత అమాయకుడైనా, మొత్తం డబ్బు కట్టినా, అమ్మినవాడి దగ్గర లేని హక్కు అతనికి రాదు.

పాత తేదీ వేసి కాగితం సృష్టించేవాళ్ళూ ఉంటారు. అవతలి దస్తావేజు మీద అనుమానం ఉంటే స్టాంపు పేపరు కొన్న తేదీ చూడండి.

3. మీ దగ్గర ఉన్నది అగ్రిమెంట్ మాత్రమేనా? అయితే లెక్క మారుతుంది. అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు. ఆ అగ్రిమెంట్ సంగతి తెలియకుండా, నిజాయితీగా డబ్బు కట్టి సేల్ డీడ్ (అమ్మకపు దస్తావేజు) చేయించుకున్నవాడికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 19(బి) రక్షణ ఇస్తుంది. అయితే "నాకు తెలియదు" అనడం అంత తేలిక కాదు. అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉన్నా, స్థలం మీ స్వాధీనంలో ఉన్నా, అతనికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. అందుకే నా మాట: అగ్రిమెంట్‌ని రిజిస్టర్ చేయించండి, ఖర్చుకి వెనకాడకండి.

4. తర్వాత కోర్టు. సబ్ రిజిస్ట్రార్ చుట్టూ తిరిగి లాభం లేదు, హక్కు ఎవరిదో తేల్చే అధికారం ఆయనకు లేదు. సేల్ డీడ్ ఉంటే హక్కు ప్రకటన (స్థలం మీదేనని కోర్టు చెప్పడం), ఇంజంక్షన్ (అవతలివాళ్ళు జోక్యం చేసుకోకుండా కోర్టు ఉత్తర్వు) కోరుతూ సివిల్ దావా వేయాలి. అగ్రిమెంటే ఉంటే సేల్ డీడ్ చేయించమని దావా వేసి, రెండో కొనుగోలుదారునీ పార్టీగా చేర్చాలి. రెండింటికీ గడువు సాధారణంగా మూడేళ్ళు. ఆ గడువు ఎప్పటినుంచి మొదలవుతుందన్నది తరచూ గొడవయ్యే విషయం కాబట్టి లాయరుని వెంటనే కలవండి.

అమ్మినవాడు ఒక్కడే వెళ్ళి మీ సేల్ డీడ్‌ని రద్దు చేసినట్టు కాగితం రాసి, తర్వాత ఇంకొకరికి అమ్మాడా? అలాంటి ఏకపక్ష రద్దు చెల్లదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు 2010లో చెప్పింది.

5. పోలీసు ఫిర్యాదు. మోసం కేసు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద వస్తుంది. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ (భారత శిక్షా స్మృతి) సెక్షన్ 420. తన సొంతమని చెప్పి అమ్మితే మోసపోయింది కొన్నవాడే అని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అంటే ఫిర్యాదుకి గట్టి ఆధారం రెండోసారి కొన్నవాడికే ఎక్కువ. మొదటివారు సివిల్ దావా మీదే ఎక్కువ ఆధారపడాలి.

6. మీరే రెండో కొనుగోలుదారు అని తేలితే, డబ్బు వెనక్కి రాబట్టే దావా వేయండి. అమ్మినవాడు మిగతా ఆస్తులు అమ్ముకుని జారుకునేలా ఉంటే, తీర్పుకి ముందే వాటిని జప్తు చేయమని ఆ దావాలోనే అడగొచ్చు.