వైన్ వాసనకి పేరు పెట్టడం ఎలా నేర్చుకోవాలి

గ్లాస్ ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసిన వాసనే అనిపిస్తుంది, నాలుక మీదే ఆడుతుంటుంది, పేరు మాత్రం రాదు. నా ముక్కు పనికిరాదులే అని చాలామంది అక్కడే వదిలేస్తారు. ముక్కు బానే ఉందండీ, వాసనని పట్టే రిసెప్టర్లు దాదాపు 400 రకాలున్నాయి అందులో, లోటల్లా వాసనకీ మాటకీ మధ్య లింకులోనే, చిన్నప్పుడు రంగుల పేర్లు నేర్పారు గానీ వాసనల పేర్లు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు కదా.

అందుకే మొదటి నెల వైన్ జోలికే వెళ్ళొద్దు. ఒకేలా ఉండే చిన్న డబ్బాలు ఆరు తీసుకుని లవంగాలు, మిరియాలు, మెంతులు, నిమ్మతొక్క, వెనిల్లా, పచ్చి క్యాప్సికమ్ ముక్క వేసి, అడుగున పేర్లు రాసి కలిపేయండి. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, రెండు మూడు సార్లు చిన్నగా పీల్చి, పేరు పైకి చెప్పాకే అడుగు చూడాలి. గట్టిగా అదేపనిగా పీలిస్తే ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోయి ఏమీ తెలీదు, మధ్యలో కాస్త గ్యాప్ ఇవ్వండి. రోజూ ఐదు నిమిషాలు చాలు, ఆదివారం గంటసేపు కూర్చోవడం కన్నా అదే నయం.

ఇవే ఎందుకంటే వైన్‌లో నిజంగా తగిలేవి ఇవి. లవంగం, వెనిల్లా వాసనలు ఓక్ పీపాల నుంచి వస్తాయి, క్యాప్సికమ్ పచ్చివాసన కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్‌లో, మిరియాలది సిరా అనే ఇంకో ద్రాక్ష రెడ్ వైన్‌లో. మిరియాల వాసనిచ్చే రోటండోన్ అనే పదార్థం సుమారు ఐదుగురిలో ఒకరికి అసలు తెలీదు, మీకు అందకపోతే దిగులు పడకండి. మెంతుల డబ్బా తీసి నేను మొదట్లో చేదు అని రాసుకున్నా, చేదు రుచి కదా, వాసన కాదు! వేళ్ళతో నలిపి మళ్ళీ చూస్తే కొంచెం మాడిన పంచదార, కొంచెం ఎండుగడ్డి. ఏళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లో జూరా ప్రాంతపు వాన్ జోన్ అనే పసుపు రంగు వైన్ గ్లాసులో ఆ మాడిన పంచదారే తగిలింది, రెండిట్లోనూ ఉండేది సోటోలాన్ అనే ఒకే పదార్థం.

ఇక వైన్ పోసుకున్నప్పుడు గ్లాస్ మూడోవంతు దాటొద్దు, ఒంటికి సెంటు వద్దు. ముందు కదపకుండా, తర్వాత తిప్పి వాసన చూడండి. ఒక గుక్క నోట్లో ఉంచుకుని, మింగాకో ఉమ్మేశాకో నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి, సగం వాసన నోటి వెనక నుంచి ముక్కుకెళ్ళే దారిలోనే దొరుకుతుంది. ఒక్క వైన్‌తో కష్టం, పక్కన ఇంకోటి ఉంటే తేడా దానంతటదే పలుకుతుంది. రంగు మాత్రం నమ్మొద్దు, ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మందికి వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే రెడ్ వైన్ మాటలే రాశారు, ఆ స్టడీ 2001లో వచ్చింది.

నోట్‌బుక్‌లో ముందు మీ మాటే రాయండి, పాత చెక్క బీరువా, వాన పడ్డ మట్టి, ఏదైనా సరే. వాసన సిగ్నల్ మెదడులో జ్ఞాపకాలుండే చోటికి దగ్గర దారిలో వెళ్తుంది కాబట్టి అలాంటి గుర్తే గట్టిగా నిలుస్తుంది. వైన్ శాస్త్రవేత్త ఆన్ నోబుల్ 1980లలో చేసిన అరోమా వీల్, అంటే మధ్యలో పెద్ద రకాలు, అంచుల్లో వివరమైన పేర్లు ఉండే వాసనల చక్రం, తర్వాత తీసి, పండా, పండైతే నిమ్మజాతా అంటూ లోపల్నుంచి బయటికి రండి. వారం తర్వాత నోట్‌బుక్ తెరవకుండా ఆ వైన్ వాసనని తలచుకుని వేరే కాగితం మీద రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఏది జారిపోయిందో దాని డబ్బా మర్నాడు పొద్దున మళ్ళీ తియ్యండి.