జంట చిత్రాలను చదవడం – 3వ పాఠం: లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ కార్డులు

పక్కపక్కనున్న రెండు చిత్రాలను, చూపును దూరంగా నిలిపి, పరికరం లేకుండానే ఒకటిగా కలపడం గత పాఠంలో సాధన చేశాం. ఆ నేర్పుతోనే, రెండు ఛాయాచిత్రాలను పక్కపక్కన అంటించిన ఒక పాత కార్డు ఎలా తయారైందో చిత్రంలోంచే పసిగట్టడం ఇప్పటి పాఠం. ఇందుకు 1854లో జార్జ్ స్వాన్ నాటేజ్ స్థాపించిన లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ కార్డులను తీసుకుందాం. రెండు కళ్లకు రెండు వేర్వేరు చిత్రాలు చూపితే లోతు కనిపిస్తుందని శాస్త్రవేత్త వీట్‌స్టన్ 1838లో అద్దాలతో వివరించిన సూత్రాన్నీ, మరో శాస్త్రవేత్త బ్రూస్టర్ 1849లో రూపొందించిన, జంట చిత్రాలను చూసే కటకాల పెట్టెనూ (స్టీరియోస్కోప్) మధ్యతరగతి ఇళ్లలోకి చేర్చడమే ఈ కంపెనీ వ్యాపారం. స్టీరియోస్కోప్ లేని ఇల్లు ఉండకూడదన్నది దాని నినాదం. 1858 నాటికి తమ జాబితాలో లక్ష దృశ్యాలున్నాయని చాటుకుంది.

మొదట కొలత సంగతి. మన కళ్ల మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు. పాత కార్డులలో రెండు చిత్రాల కేంద్రాల మధ్య దూరం సాధారణంగా అంతకంటే ఎక్కువ. స్టీరియోస్కోప్ కటకాలు పట్టకంలా కిరణాలను వంచుతాయి కాబట్టి అప్పటివారికి ఇబ్బంది లేదు. పరికరం లేని మనం మాత్రం తెరపై బొమ్మను కుదించి, రెండింటిలోనూ కనిపించే ఒకే బిందువుల మధ్య 60 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోవాలి. ఇది పాటించకపోతే కళ్లు లాగేస్తాయి.

కలిసిన దృశ్యంలో దూరపు కొండ ముందుకు, దగ్గరి చెట్టు వెనక్కు పోతే, మీరు కళ్లను లోపలికి తిప్పి ఎడమ కన్నుతో కుడి చిత్రాన్ని చూస్తున్నారన్నమాట. చూపు సరిగానే ఉన్నా లోతు తిరగబడితే తప్పు ప్రింటుదే. జంట కటకాల కెమెరాలో ప్రతి కటకమూ తన చిత్రాన్ని విడిగా తలకిందులు చేస్తుంది. ఆ చిత్రాలు పడిన పలకను నిటారుగా తిప్పగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ప్రింటును మధ్యకు కోసి, ముక్కలను అటూ ఇటూ మార్చి అంటించాల్సి వచ్చేది. లక్ష దృశ్యాల గొప్ప కంటే ఈ కత్తెర పనిలోని శ్రద్ధే నాకు ఎక్కువ ముచ్చటగా తోస్తుంది.

తరువాత రెండు చిత్రాలనూ కలపకుండా విడివిడిగా పోల్చండి. ఒకే కటకమున్న కెమెరాను పక్కకు జరిపి రెండుసార్లు తీసిన కార్డులో మనుషులు, నీడలు, మేఘాలు రెండు సగాలలో ఒకేలా ఉండవు. ఒక సగంలో ఉన్న బండి రెండో సగంలో మాయమై, కలిపి చూసినప్పుడు దెయ్యంలా మిణుకుమంటుంది. రెండింటిలోనూ నడిచేవారి అడుగులు సరిపోలితే అది జంట కటకాల పనే. కంపెనీ ప్రధాన ఛాయాగ్రాహకుడు విలియం ఇంగ్లండ్ 1859లో అమెరికాకు వెళ్లి నయాగరాపై తాడు మీద నడిచిన బ్లాండిన్‌ను చిత్రించాడు. ఆపై కదిలే వీధి జనాన్ని క్షణంలో పట్టిన దృశ్యాలతోనూ పేరు తెచ్చుకున్నాడు. నిశ్చలమైన శిల్పాలు, భవనాలలో ఈ పరీక్ష పనిచేయదు; అక్కడ నీడలే ఆధారం.

నాటేజ్ 1884లో లండన్ లార్డ్ మేయరై, మరుసటి ఏడు పదవిలో ఉండగానే మరణించాడు. కంపెనీ 1922 దాకా నడిచింది.

అభ్యాసం: వీధి దృశ్యమున్న కార్డు ఒకటీ, శిల్పమున్నది ఒకటీ ఎంచుకుని, కదిలిన ప్రతి వస్తువునూ రెండు సగాలలో వెతికి, ఒకేసారి తీసినదో, రెండుసార్లు తీసినదో కారణంతో సహా రాయండి. 4వ పాఠంలో ఆ జవాబులను సరిచూసుకుంటూ, సొంతంగా జంట చిత్రం తీయడం మొదలుపెడదాం.