అపార్ట్‌మెంట్ ఎస్టీపీ కంపు కొడుతోందా? పెరాక్సైడ్‌తో ఇలా అదుపు చేయండి

ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మురుగుకు గాలి అందకపోతే అందులోని సల్ఫేటును బ్యాక్టీరియా సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఫినాయిల్ ఆ వాసనను కాసేపు కప్పిపెడుతుందంతే. హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం సల్ఫైడ్‌ను ఆక్సీకరించి, వాసన లేని గంధకంగా మార్చేస్తుంది.

1. ముందు బ్లోయర్ (మురుగులోకి గాలి ఊదే యంత్రం) చూడండి. కరెంటు ఆదా కోసం రాత్రంతా ఆపి తెల్లారి వేస్తే, అప్పటిదాకా పేరుకున్న వాయువంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. అడుగున బురద ఉంటే యంత్రంతో తోడించండి. ఎవరినీ ట్యాంకులోకి దించవద్దు. సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గర ఈ వాయువు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన రావడం లేదంటే ప్రమాదం లేదని కాదు.

2. మురుగు ముందుగా వచ్చి చేరే కలెక్షన్ ట్యాంకు నీటిలో సల్ఫైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. సీసాలో గాలి మిగలకుండా నిండా పట్టాలి.

3. మోతాదు లెక్క వేయండి. రోజుకు లక్ష లీటర్ల మురుగు, లీటరుకు 5 మిల్లీగ్రాముల సల్ఫైడ్ అనుకుందాం. మొత్తం అర కిలో. సిద్ధాంతం ప్రకారం దానికి సమాన బరువు పెరాక్సైడ్ చాలు. కానీ మురుగులోని ఇతర పదార్థాలూ కొంత తినేస్తాయి కాబట్టి రెట్టింపు, అంటే కిలోతో మొదలుపెట్టండి. 50 శాతం ద్రావణమైతే రెండు కిలోలు, దాదాపు 1.7 లీటర్లు. ఇదే పని హైపోతో (క్లోరిన్ ఇచ్చే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో) చేయాలంటే సల్ఫైడ్‌కు తొమ్మిది రెట్లు క్లోరిన్ కావాలి. 10 శాతం హైపో అయితే రోజుకు 45 కిలోలు! పైగా అంత క్లోరిన్ మిగిలితే ఎయిరేషన్ ట్యాంకులో మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియా చచ్చిపోతాయి. అందుకే నా ఓటు పెరాక్సైడ్‌కే.

4. డోసింగ్ పంపుతో, మురుగు వచ్చి పడే చోటే, కొద్దికొద్దిగా రోజంతా వేయండి. బకెట్‌తో ఒకేసారి గుమ్మరిస్తే సగం వృథా.

5. ఆపరేటర్‌కు కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు ఇవ్వండి. 50 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. డబ్బాను ఎండకు దూరంగా ఉంచండి, గాలిపోయే మూతే వాడండి. ఇనుము, రాగి, ఇత్తడి తగలనివ్వకండి. హైపోను, యాసిడ్‌ను పక్కపక్కన అసలు పెట్టకండి. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

6. కొన్నాళ్లయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి. సల్ఫైడ్ దాదాపు లేకపోతే మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, వాసన తిరిగి మొదలయ్యే స్థాయికి కాస్త పైన ఆపండి. ఎండాకాలం బ్యాక్టీరియా జోరు పెరుగుతుంది, అప్పుడు లెక్క మళ్లీ వేసుకోవాలి.