కర్తరి రాకముందే కరెంటు బండికి చేయవలసిన పనులు

పంచాంగం ప్రకారం మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి, 11 ప్రాంతంలో నిజ కర్తరి ప్రవేశిస్తాయి. నెలాఖరుకు కర్తరి త్యాగం. మండుటెండల ఈ రోజులనే చెన్నైలో కత్తిరి వెయిల్ అంటారు. కర్తరిలో మట్టి తవ్వకూడదని మా నాయనమ్మ గట్టిగా చెప్పేది. నాకు ఆ పట్టింపు లేదు గానీ, కరెంటు బండి ఉన్నవారికి నేను చెప్పే మొదటి జాగ్రత్త ఆవిడ మాటకే వచ్చి ఆగుతుంది. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ గుంత తవ్వించే పని ఉంటే ఏప్రిల్‌లోనే కానివ్వండి.

ఎండకు నేల ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. తడి ఉన్నంతవరకే మట్టి కరెంటును సరిగ్గా లోపలికి తీసుకుంటుంది. చాలా కార్ల చార్జర్లు ముందుగా ఎర్త్ ఉందో లేదో చూసుకుంటాయి. లేకపోతే ఎర్ర దీపం వెలిగించి మొండికేస్తాయి. బండి పాడైందనుకుని మనం సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తాం. నిరుడు మా ఇంట్లో జరిగింది అదే. వచ్చిన ఎలక్ట్రీషియన్ టెస్టర్ జేబులో పెట్టుకుంటూ, "చిన్న వైరు ముక్కతో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తే సరి, సార్. అయిదు నిమిషాల పని" అన్నాడు. ఆ అయిదు నిమిషాల పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. ఎర్ర దీపం ఆరిపోతుంది, చార్జింగ్ మొదలవుతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగిందా, బండి ఇనుమంతటికీ కరెంటు వస్తుంది. పొద్దున తడి చేత్తో డోరు తీసేది మనమే, లేదా మన పిల్లలు. మేము గుంత మళ్లీ తవ్వించి ఉప్పు, బొగ్గు వేయించాము. ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి అందులో ఒక బిందె నీళ్లు పోస్తాను. మా అపార్ట్‌మెంట్ కాపలాదారు మొదట్లో మొక్క ఏదని వెతికాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే మరో రెండు చూపించుకోండి. మొదటిది ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే కట్టేసే మీట. 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కగానే టక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకు అలంకారమే. రెండోది సాకెట్. కారుతో వచ్చే 3.3 కిలోవాట్ల చార్జరు ఆరేడు గంటల పాటు ఆపకుండా 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. గీజర్ పావుగంట లాగి ఆగుతుంది కాబట్టి అదే సాకెట్ దానికి ఏళ్ల తరబడి సరిపోయి ఉంటుంది. రాత్రంతా లాగే బండికి సరిపోతుందని అనుకోవడానికి లేదు. నా పాత సాకెట్‌లో ఒక పిన్ను చుట్టూ కాఫీ డికాక్షన్ రంగులో వలయం ఏర్పడింది. ప్లగ్గు పట్టుకుంటే అప్పుడే కాఫీ పోసిన డబరాలా చురుక్కుమంది. లోపల స్క్రూ వదులైంది, అంతే. కొత్త సాకెట్, మీటరు పెట్టె నుంచి విడిగా ఒక లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాక ప్లగ్గు చల్లబడింది. చార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్గును ఒకసారి చేత్తో తాకి చూడటం అలవాటు చేసుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి నిలవనంత వేడి ఉంటే స్విచ్చి కట్టేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు స్కూటర్‌కైనా, కారుకైనా వద్దే వద్దు.

బీచ్‌కు దగ్గరగా, తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు ఉండేవారికి ఉప్పుగాలి బాధ అదనం. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే ఆ సాకెట్‌ను మార్చేయండి, గీకి వాడకండి.

ఇక వేళ సంగతి. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి, బండి నిలబెట్టి, ప్లగ్గు తగిలించి పైకి వెళ్లిపోవడం అందరి అలవాటు. వేసవిలో ఇంతకంటే చెడ్డ వేళ లేదు. ఎండలో మరిగిన తారురోడ్డు మీద నడిచి వచ్చిన బ్యాటరీ లోపల ఇంకా కాగుతూ ఉంటుంది. వీధిలో ప్రతి ఇంట్లో ఏసీ అప్పుడే మొదలవుతుంది. 3.3 కిలోవాట్ల చార్జరు అంటే ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు నడిచినట్టు. గోడకు బిగించే 7.2 కిలోవాట్లదైతే నాలుగు ఏసీల పైమాటే.

2024 మే 2న తమిళనాడు విద్యుత్ గిరాకీ 20,830 మెగావాట్లకు చేరింది. అదే నెల 30న దేశం మొత్తం గిరాకీ 250 గిగావాట్లు. ఇవి పేపర్లో చదివి పక్కన పెట్టే లెక్కల్లా కనిపిస్తాయి. కానీ మన వీధికి వచ్చేసరికి లెక్క వేరు. రాత్రి పదకొండింటికి కరెంటు పోయిందంటే చాలాసార్లు రాష్ట్రంలో కరెంటు లేక కాదు. వీధి మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మరో, ఇళ్లకు లైన్లు పంచే ఫుట్‌పాత్ మీది పిల్లర్ బాక్సో మోయలేక చేతులెత్తేసింది. పగలంతా ఎండలో కాగిన ట్రాన్స్‌ఫార్మర్‌కు రాత్రి కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. చెన్నై రాత్రి 30 డిగ్రీల దగ్గరే ఉక్కపోస్తూ కూర్చుంటుంది మరి. సూర్యుడు దిగగానే సోలార్ పోతుంది. గాలిమరలు జోరందుకునేది నైరుతి గాలులు వచ్చాకే, అంటే మే చివరికి. కాబట్టి ఏప్రిల్ మధ్య నుంచి కర్తరి ముగిసేదాకా రాత్రులే గట్టు దాటడం కష్టం.

ఈ ఇబ్బంది మనకే కాదు. 2022 సెప్టెంబరులో వేడిగాలులు కమ్మినప్పుడు కాలిఫోర్నియాలో సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు కార్లు చార్జింగ్ పెట్టవద్దని గ్రిడ్ చూసేవారు జనాన్ని కోరారు. 6వ తేదీన గిరాకీ 52,061 మెగావాట్లకు చేరినా గ్రిడ్ నిలబడింది. మా చెల్లెలు ఎడారి నగరం ఫీనిక్స్‌లో ఉంటుంది. 2023లో అక్కడ జూన్ 30 నుంచి జూలై 30 వరకు 31 రోజులు వరుసగా ఎండ 43 డిగ్రీలు దాటింది. "ఎలా ఉంటున్నావమ్మా?" అని అడిగితే, "కారు రాత్రి రెండింటికి తింటుంది, మేము తొమ్మిదింటికి తింటాం, అన్నయ్యా" అంది. టైమర్ పెట్టుకుందన్నమాట.

నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను గానీ, రాత్రి రెండింటికి కాదు. అందరూ నిద్రపోతుండగా స్కూటర్‌ను చార్జింగ్‌లో వదలడం నాకు ఇష్టం లేదు. ఎందుకో కింద చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు కాగుతుండగా ప్లగ్గు పెడతాను. అప్పటికి బ్యాటరీ చల్లబడి ఉంటుంది, వీధిలో సగం ఏసీలు ఆగి ఉంటాయి, వోల్టేజి లేచి ఉంటుంది. ఏడున్నరకు తీసేస్తాను. పైగా ఇంట్లో ఒకరు మేలుకునే ఉంటారు. ఆఫీసులో పగటిపూట చార్జింగ్ దొరికేవారికి ఇంకా మంచిది. అప్పుడు సోలార్ కరెంటు దండిగా ఉంటుంది.

ప్లగ్గులో పెట్టుకునే చిన్న వోల్ట్‌మీటరు ఒకటి కొనుక్కోండి. 230 ఉండవలసిన చోట 200కు దిగితే నేను ఆపేస్తాను. వోల్టేజి పడితే స్కూటర్ చార్జర్లు చాలావరకు అదే పనికి ఎక్కువ కరెంటు లాగి మరింత వేడెక్కుతాయి. చెన్నైలో మూడు ఫేజుల ఇళ్లలో ఒక ఫేజు నీరసిస్తే, చేంజోవర్ స్విచ్చి తిప్పి బాగున్న ఫేజుకు మారిపోవడం అందరికీ తెలిసిన విద్యే. వీధంతా అదే విద్య ప్రదర్శిస్తే ఆ బాగున్న ఫేజూ పడిపోతుంది. చార్జరును మాత్రం అలా తిప్పకండి, ఆపేయండి. కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా పెట్టకండి. పది నిమిషాలు ఆగితే వోల్టేజి కుదుటపడుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు స్కూటర్ తగిలించడం ఇన్వర్టర్ బ్యాటరీని చంపుకోవడమే. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద కారు చార్జింగ్ వద్దని సమావేశంలో ముందే తీర్మానం రాయించండి, లేకపోతే లిఫ్టు మధ్యలో ఎవరో ఇరుక్కున్న రోజున మాటా మాటా పెరుగుతుంది.

బిల్లు విషయం ఒక్క మాట. ఇక్కడ ఈబీ (విద్యుత్ బోర్డు) లెక్క రెండు నెలలకోసారి. 500 యూనిట్లు దాటితే శ్లాబు మారి కింది యూనిట్ల రాయితీలో కూడా కోత పడుతుంది. ఏసీకి కారు తోడైతే దాటడం ఖాయం. ఆశ్చర్యపోకుండా ముందే డబ్బు పక్కన పెట్టుకోండి.

బ్యాటరీకి ఎండ ఒక్కటే శత్రువు కాదు, నిండు కడుపుతో ఎండలో కూర్చోవడం అసలు శత్రువు. వంద శాతం చార్జి చేసి మిట్టమధ్యాహ్నం టి.నగర్ రోడ్డు పక్కన నాలుగు గంటలు నిలబెడితే, బ్యాటరీ త్వరగా అరుగుతుంది. ఫీనిక్స్‌లో 2012లో నిస్సాన్ లీఫ్ యజమానులు బ్యాటరీ తొందరగా తగ్గిపోతోందని గొడవకు దిగారు. ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. మన స్కూటర్లలో చాలావాటికీ లేదు. అందుకని వేసవిలో రోజూ ఎనభై దగ్గర ఆపండి, ఇరవైకి దిగనివ్వకండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్న కార్లకు అప్పుడప్పుడు వంద దాకా నింపమని తయారీదారులే చెబుతారు. అలాంటివారు బయలుదేరే ముందే నింపి, నింపిన వెంటనే నడపండి. చెన్నైలో సముద్రపుగాలి మధ్యాహ్నానికి లేస్తే బతికిపోతాం. అది ఆలస్యమైన రోజున మీనంబాక్కంలో 40 దాటేస్తుంది. 2003 మే 31న నగరంలో 45 డిగ్రీలు నమోదైంది. గాలి రాని రోజున చెట్టు నీడ కోసం అర కిలోమీటరు నడవడం మీకూ, బండికీ మంచిదే.

పిల్లలకు సెలవులిచ్చాక పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరికి వెళ్లేవారు బండిని సగం చార్జితో, నీడలో, ప్లగ్గు తీసి వదిలి వెళ్లండి. సున్నాకు దింపి వెళితే తిరిగి వచ్చేసరికి బ్యాటరీ లేవకపోవచ్చు. కారులో నెల్లూరో, తిరుపతో వెళ్లేవారు మధ్యాహ్నం మానుకుని తెల్లవారకముందే బయలుదేరండి. ప్లగ్గులో ఉండగానే ఏసీ వేసి కారును చల్లబరుచుకుంటే ఆ కరెంటు బ్యాటరీది కాదు, ఇంటిది. టైర్లలో గాలి కూడా చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

రాత్రి స్కూటర్‌ను చార్జింగ్‌లో ఎందుకు వదలనో ఇందాక దాటవేశాను. 2022 మార్చిలో వెల్లూరులో రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని, పొగకు ఊపిరాడక తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో హాల్లో చార్జి అవుతున్న బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన, విజయవాడలో పడకగదిలో పేలి ఒకరు పోయారు. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలను బిగించి 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి మరో దశ అమలు చేశారు. సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొంటుంటే తయారీ తేదీ చూడండి. అంతకుముందువి అయితే రెట్టింపు జాగ్రత్త.

ఇరుకు ఇళ్లలో మెట్ల కింద, వాకిట్లో బండి పెడతాం. ఇంట్లోంచి బయటికి ఉన్న దారి అదొక్కటే అయితే అక్కడ చార్జింగ్ పెట్టకూడదు. వెల్లూరులో ప్రాణం తీసింది మంట కంటే పొగ. ఊడదీసే బ్యాటరీని పరుపు మీద, సోఫా మీద, గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టవద్దు. నేల మీద, గాలి ఆడే చోట పెట్టండి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా, బుస్సుమని చప్పుడైనా, వీలైతే మెయిన్ కట్టేసి అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. బకెట్ నీళ్లతో, ఇంట్లో ఉండే మంటలార్పే చిన్న సిలిండరుతో అది ఆరదు; ఆరినట్టు కనిపించినా గంట తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. ఫైర్ వారు కూడా ట్యాంకర్ల కొద్దీ నీళ్లు కొట్టి చల్లబరుస్తారు.

కరెంటు ఫిర్యాదులకు మిన్నగం (తమిళనాడు విద్యుత్ సంస్థ కాల్ సెంటర్) నంబరు 94987 94987. ఫోన్ చేస్తే సర్వీస్ కనెక్షన్ నంబరు అడుగుతారు. చీకట్లో పాత బిల్లు వెతుక్కోకుండా దాన్ని మీటరు పెట్టె తలుపు లోపలివైపు స్కెచ్ పెన్నుతో రాసి ఉంచుకోండి.