పచ్చళ్ళ వెబ్‌సైట్‌లో ఏం రాయాలో మీ వాట్సాప్‌లోనే ఉంది

పచ్చళ్ళు, పొడులు అమ్మే వెబ్‌సైట్ పెడుతుంటే "మా గురించి" పేజీతో మొదలుపెట్టకండి. ముందు వాట్సాప్ తెరిచి, గత రెండు మూడు నెలల్లో కస్టమర్లు అడిగినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఏ నూనె వాడతారు? వెల్లుల్లి లేకుండా దొరుకుతుందా? అరకిలో ఇస్తారా? అమెరికా పంపుతారా, కొరియర్‌కి ఎంత? ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకి జవాబు ఆ పచ్చడి పేజీలో ధర కిందే ఉండాలి, అదీ వాళ్ళు అడిగిన మాటల్లోనే. గూగుల్‌లో వెతికేదీ దాదాపు ఆ మాటలతోనే.

ధరల పట్టికని పోస్టర్ బొమ్మగా పెట్టొద్దు. ఫోన్‌లో అక్షరాలు ఆనవు. ధర మారినప్పుడల్లా బొమ్మ మళ్ళీ చేయించాలి కాబట్టి పాత ధరే ఉండిపోతుంది, తర్వాత గొడవ. టైప్ చేసిన అక్షరాలే పెట్టండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార వ్యాపార లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్) నంబరు ప్రతి పేజీ అడుగున ఉంచండి.

ఆవకాయ పేజీ ఫిబ్రవరికల్లా సిద్ధం కావాలి. ఏప్రిల్ చివర్లో పెడితే గూగుల్‌లో కుదురుకునేలోపే సీజన్ దాటిపోతుంది. స్టాకు అయిపోయాక కూడా ఆ పేజీ తీసేయకండి. అదే లింకులో "మళ్ళీ వేసవికి" అని రాసి, ముందస్తు ఆర్డరుకి నంబరు ఇవ్వండి. తీసేస్తే వెతుకులాటలో వచ్చిన స్థానం పోయి, వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి రావాలి.