మహాసముద్ర ప్రయాణానికి తెరచాప పడవను సిద్ధం చేసుకోవడం

వారాల తరబడి నేల కనిపించని ప్రయాణంలో ఏది విరిగినా బాగుచేయాల్సింది పడవలో ఉన్నవారే, అదీ పడవలో ఉన్న సామానుతోనే. అందువల్ల ముందుగా నీటిని లోపలికి రానివ్వని భాగాలను, తరువాత మాస్టును, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టేవాటిని, ఆపైన చుక్కానిని చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ పరికరాలు, సౌకర్యాలు చివరికి రావాలి. ఈ వరుసను తలకిందులు చేసి, అసలు పనులకు వచ్చేసరికి డబ్బూ సమయమూ చాలక అవస్థపడేవారు చాలామంది ఉంటారు.

పడవను ఒడ్డుకు ఎక్కించిన తరువాత, నీటిమట్టానికి దిగువన పడవ గోడలోని రంధ్రాలను మూసి తెరిచే కవాటమైన ప్రతి సీకాక్‌నూ విప్పి చూడాలి. అది మామూలు ఇత్తడిది అయితే, ఉప్పునీటిలో ఏళ్ల తరబడి నానడం వల్ల అందులోని జింకు కరిగిపోయి, చూడటానికి గట్టిగానే ఉన్నా లోపల గుల్లబారిపోతుంది. కత్తి మొనతో ఒకచోట గీకితే మంచి లోహం పసుపుగా మెరుస్తుంది. గులాబీ రంగు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా దాన్ని తీసేసి కంచుది బిగించాలి. గొట్టం చివర చోటు ఉంటే రెండు క్లిప్పులు వేసి, ఆ రంధ్రానికి సరిపోయే మెత్తని చెక్క బిరడాను పక్కనే తాడుతో కట్టి ఉంచాలి. పడవ ఒడ్డున ఉండగానే చుక్కాని అడుగుభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. వదులు తెలిస్తే బేరింగులు అరిగాయని అర్థం.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక రిగ్గింగ్ దగ్గర కావాలి. మాస్టును నిలబెట్టే స్టెయిన్‌లెస్ స్టీలు తీగతాళ్లను సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లకు ఒకసారి మార్చాలంటారు. వాటి వయసు తెలియకపోతే మార్చేయడమే మేలు. కొత్తవైనా సరే, తీగ చివరి బిగింపులోకి దూరే చోట దూదిని చుట్టి మెల్లగా జరిపితే, ఒక్క పోగు తెగి ఉన్నా దూది పీచు దానికి తగులుకుంటుంది. ఈ తీగలను పడవకు పట్టి ఉంచే చెయిన్‌ప్లేట్లను తప్పనిసరిగా బయటికి తీయాలి. స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడే పలుచని పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. ప్లేటు డెక్‌లోంచి దిగే చోట సీలెంట్ కింద నిలిచిన ఉప్పునీటికి అది అందదు కనుక, పైన అద్దంలా మెరిసే ప్లేటుకు సరిగ్గా ఆ మరుగులోనే పగులు పుడుతుంది. ఎంత జాగ్రత్త తీసుకున్నా తుపాను ముందు హామీ లేదు: ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే 2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో దక్షిణ హిందూ మహాసముద్రంలో భారత నావికుడు అభిలాష్ టోమీ పడవ తిరగబడి మాస్టు విరిగింది, ఆయన వెన్నుకు తీవ్ర గాయమైంది. విరిగిన మాస్టు అలలకు పడవ పక్కలను పొడిచి చిల్లు పెట్టకముందే తీగలను తెంచేయగల పెద్ద కట్టరు చేతికందే చోట ఉండాలి.

తెరచాపలో గుడ్డ కంటే ముందు కుట్టు ఎండకు చీకిపోతుంది. దారాన్ని గోటితో గీకినప్పుడు తెగితే ఆ కుట్లన్నీ మళ్లీ వేయించాలి. ప్రధాన తెరచాపకు మూడో రీఫ్ (గాలి పెరిగినప్పుడు తెరచాపను మడిచి చిన్నది చేసే ఏర్పాటు), దానితోపాటు తుపాను జిబ్ (మాస్టు ముందు కట్టే చిన్న, గట్టి తెరచాప) ఉండి తీరాలి. విద్యుత్తుతో పనిలేకుండా గాలి బలంతోనే పడవను దారిలో నడిపే విండ్‌వేన్ ఒక అదనపు నావికుడితో సమానం.

ఇంధన ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అలల కుదుపుకు లేచి, ఇంజిను అత్యవసరమైన వేళే ఫిల్టరును మూసేస్తుంది. కాబట్టి ట్యాంకును విప్పి కడిగించి, ఒకటి పూడుకుంటే మరోదానికి మళ్లించేలా రెండు ఫిల్టర్లు అమర్చుకోవాలి. వైర్లు తగరపు పూత ఉన్న రాగివి కావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీలను సగం కంటే దిగువకు వాడకూడదు కనుక, రోజువారీ వాడకాన్ని ఆంపియర్-అవర్లలో లెక్కగట్టాకే సోలార్ పలకలు కొనాలి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉన్నా, అది మొదటిరోజే పాడైందనుకుని మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున, వేర్వేరు ట్యాంకులలో నీళ్లు నింపుకోవాలి. ప్రమాదంలో ఉపగ్రహం ద్వారా సాయానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ ఇపర్బ్‌ను మీ పేర నమోదు చేయించి, దాని బ్యాటరీ గడువును, పడవ మునిగితే ఎక్కే తెప్ప అయిన లైఫ్‌రాఫ్ట్ సర్వీసు తేదీని సరిచూడాలి.

పనులన్నీ బయలుదేరే తేదీకి కనీసం రెండు నెలల ముందే ముగించి, గట్టి గాలిలో కొన్ని రాత్రులు తీరానికి దూరంగా నడపాలి. ఎక్కడ నీరు కారింది, ఏ తాడు దేనికి ఒరుసుకుంది, రాత్రిపూట ఏది చేతికి దొరకలేదు అన్నది అప్పటికప్పుడే రాసుకుని, తిరిగి రాగానే సరిచేయాలి. పని మిగిలిపోయిందని ప్రయాణాన్ని తుపానుల కాలంలోకి నెట్టకండి. సౌకర్యాల పద్దులో ఉన్నవి వదిలేయండి, సీకాక్‌లో చెయిన్‌ప్లేట్లో మిగిలి ఉంటే ఆ ఏడాది ఆగిపోండి.